పదకొండు అగ్గిపుల్లలు



మా చిన్నాయన జేబులో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది. బీడీ ముట్టని మనిషికి అగ్గిపెట్టె ఎందుకురా అని మా నానమ్మ అడిగేది. భారత ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేయడానికని ఆమెకు ఎట్లా చెప్తాడు? సాయంత్రం రైల్వే డ్యూటీ దిగి, సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో కూర్చుని, చలువరాతి బల్ల మీద పదకొండు పుల్లలు పేర్చేవాడు. తన వైపు ఒంటరిగా ఒక పుల్ల, అది గోల్‌కీపర్. దాని ముందు బ్యాకులు, ఆపైన హాఫ్‌లు, ఆ చివర ఫార్వర్డ్‌లు. ఎదురు కుర్చీలో పోలీసు హవల్దారు ఒకాయన ఉండేవాడు. పేర్చడం అయ్యేదాకా చాయ్ సాసర్లో పోసుకుని నింపాదిగా తాగి, ఆ తర్వాత చిటికెన వేలితో ఒక పుల్లను బల్ల అంచుకు నెట్టేవాడు. అంటే, వీడు వద్దు అని. ఇక హోటల్ మూసేదాకా తగువే.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒక ఉస్మానియా బిస్కట్టు మీది ఆశతో ఆ బల్ల పక్కన నిలబడేవాణ్ని. బిస్కట్టుతో పాటు ఆ తగువు కూడా ఒంటబట్టింది. దేశం జట్టులో ఎవరుండాలి, ఎవరు వద్దు అనే ఆ తగువు గురించే ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

క్రికెట్ విషయంలో ఈ తగువు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మంగలి షాపు నుంచి పెళ్లిపందిరి దాకా ఎక్కడ చూసినా ఒక సెలెక్షన్ కమిటీ కూర్చునే ఉంటుంది. ఫుట్‌బాల్ అనేసరికి మాత్రం బెంగాల్ వైపో, కేరళ వైపో, గోవా, మణిపూర్‌ల వైపో చెయ్యి చూపించి ఊరుకుంటాం, అదేదో వాళ్ల ఇంటి గొడవ అన్నట్టు. కాని ఒకప్పుడు ఆ గొడవ మనది. మన హక్కుగా చేసుకున్న గొడవ.

ఎందుకు మనదంటే, జట్టును నడిపించే మనిషి మన ఊరివాడు కాబట్టి. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, బడిలో పంతులుగా పనిచేశాడు. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలుచుకొచ్చింది. దేశం జట్టుకు కూడా ఆ రోజుల్లో ఎక్కువ కాలం ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. ఆ మరుసటేడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది, మనం ఒక్కటి కొట్టాం. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడిన రోజులవి. నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచాం. ఆ మ్యాచ్‌లో బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంత దూరం పోవడం అదొక్కసారే.

ఆ మెల్‌బోర్న్ జట్టులో మనవాళ్లు ఎందరున్నారో మా చిన్నాయన వేళ్లు మడుస్తూ లెక్కపెట్టేవాడు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, బలరాం... చెయ్యి చాలేది కాదు. అదే అప్పటి పెద్ద తగువు కూడా. రహీం తన పోలీసులనే తీసుకుపోతాడని ఆ పక్కవాళ్ల మాట. కలకత్తా పెద్ద క్లబ్బులు డబ్బు చూపించి మన పిల్లల్ని పట్టుకుపోయి, తర్వాత వాళ్లంతా మా ఆటగాళ్లేనంటాయని ఈ పక్కవాళ్ల మాట. ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో పంచపాండవులని పేరుపడ్డ అయిదుగురు ఫార్వర్డ్‌లలో అప్పారావు అని ఒకాయన ఉండేవాడు. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా మా చిన్నాయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది. అప్పారావు ఆట తాను కళ్లారా చూసింది లేదు. పేరు చాలు.

తులసీదాస్ బలరాం సంగతి అట్లా కాదు. అందరూ చూసిన పిల్లవాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ అతని ఊరు, పేదిల్లు. ఆ పిల్లవాడిలో పస ఉందని రహీం సాబ్ పట్టుకున్నాడు. సికింద్రాబాద్ నుంచి ప్రాక్టీసుకు రావడానికి అద్దె సైకిలుకు డబ్బులు కూడా ఆయనే ఇచ్చేవాడని చెప్పుకుంటారు. ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే మెల్‌బోర్న్ జట్టులో ఉన్నాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేశాడు. హంగరీ అంటే ఆ రోజుల్లో మామూలు జట్టా! వాళ్ల చేతిలో 2-1 తేడాతో ఓడామంటే గెలిచినంత గొప్పగా చెప్పుకున్నారు మావాళ్లు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ మూడు పేర్లూ ఒక్క గుక్కలో పలికేది దేశమంతా. చునీకి, పీకేకి పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయేదాకా రాలేదు. ఈ విషయంలో రెండో పక్క ఏముందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా చిన్నాయన ఉంటే ఇంకా గట్టిగా అనేవాడు.

రోమ్‌కు వెళ్లిన జట్టులో ఇంకో పేరు ఉంది. సయ్యద్ షాహిద్ హకీం. రహీం సాబ్ కొడుకు. చెప్పాలా ఇక!

"కొడుకు గాబట్టే తీస్కపోయిండు" అన్నాడు చిన్నాయన.

"తీస్కపోయిండు సరే, ఒక్క మ్యాచ్ ఆడిచ్చిండా? కొడుకు గాబట్టే ఆడియ్యలే" అన్నాడు హవల్దారు.

నిజంగానే హకీం రోమ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఉన్నది ఒకటే సంగతి, దాని మీద రెండు తీర్పులు. రెండింటికీ తిరుగులేదు. రెండేళ్లకు జకార్తాకు పోయిన జట్టులో అసలు హకీం పేరే లేదు. ఆ జాబితా తేలిన రాత్రి ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు అన్నం దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఎంపిక అంటే ఏమిటో నాకు కొద్దోగొప్పో తెలిసింది అక్కడే.

మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. రెండోది థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం గాని, వెనక కోటగోడలా నిలబడే జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. పంజాబీ బ్యాక్, ఆరడుగుల మనిషి, మోహన్ బగాన్ క్లబ్బుకు ఆడేవాడు. బంతి పైనుంచి వస్తే తల పెట్టడం అతని పని, ఇప్పుడా తలకే కట్టు. జ్వరం పట్టుకుని గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా మంచాన పడ్డాడు. తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. సైన్యంలో చేరి, అక్కడి జట్టులో పేరు తెచ్చుకున్నాడు. అతని బదులు బెంగాల్ కుర్రాడు ప్రద్యుత్ బర్మన్ గోల్‌లో నిలబడ్డాడు. జపాన్ మీద 2-0తో గెలిచి, సెమీఫైనల్‌కు చేరాం.

ఇవన్నీ పేపర్లో నాలుగు ముక్కలుగా వస్తే, ఆ నాలుగు ముక్కలు పట్టుకుని ఇరానీ హోటల్లో సభ జరిగింది. జర్నైల్ పుల్లను మా చిన్నాయన ఎప్పుడో తీసేశాడు. తల పగిలినవాణ్ని ఎట్లా ఆడిస్తారు? బ్యాకు స్థానంలో ఇంకో పుల్ల పెట్టాడు. హవల్దారుకు అభ్యంతరమేమీ లేదు. ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న ఇద్దరూ ఒక్కమాట మీదికి వచ్చిన రోజు బహుశా అదొక్కటే.

రహీం సాబ్ జర్నైల్‌ను ఆడించాడు. వెనక కాదు, ముందు. సెంటర్ ఫార్వర్డ్‌గా. పగిలిన తలతో వెనక నిలబడితే క్షణక్షణం వచ్చే బంతినల్లా తలతో ఎదుర్కోవాలి. ముందుంటే ఎప్పుడు దూకాలో, ఎప్పుడు ఆగాలో అతని ఇష్టం. పైగా అంత దిట్టమైన మనిషి మీదికి వస్తుంటే అవతలి బ్యాకులు చూసి జంకుతారు. బ్యాకును తెచ్చి ఫార్వర్డ్ చేయడమా అని మీరు అనుకోవచ్చు. కుర్రతనంలో జర్నైల్ ముందు వరుసలో ఆడినవాడే అంటారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. జర్నైల్ ఒక గోల్ వేశాడు.

ఫైనల్‌కు మళ్లీ దక్షిణ కొరియానే ఎదురొచ్చింది. ఆ ఆటలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వకపోవడం తప్పని మన దేశపు క్రీడా పెద్ద గురుదత్ సోంధీ అన్నారు. అది ఇండోనేసియా జనానికి కోపం తెప్పించింది. లక్షమంది పట్టే సెనయన్ స్టేడియం నిండా మనవాళ్లను తిట్టే గొంతులే. ఆ హోరులోకి వెళ్లేముందు రహీం సాబ్ ఇంకో నిర్ణయం తీసుకోవాలి. బర్మన్ బాగా ఆడాడు, సెమీఫైనల్ దాటించాడు. తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే లేచాడు. ఎవరిని పెడతారు? ఆడి గెలిపించిన కుర్రాణ్ని కూర్చోబెట్టడం అన్యాయం కదా? ఆయన తంగరాజ్‌ను పెట్టాడు. పొడగరి, చేతులు చాస్తే గోల్ సగం కప్పేస్తాడు, పైనుంచి వచ్చే బంతికి ఆయనే మొగుడు. బర్మన్‌కు ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో. నాకైతే ఆ కథ వింటున్నప్పుడల్లా ఆ పిల్లవాడి మీదే జాలి.

1962 సెప్టెంబర్ 4. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ గోల్. ఇరవయ్యో నిమిషంలో రెండోది, వేసినవాడు జర్నైల్ సింగ్. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1. బంగారం మనది. రహీం సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన మగవాళ్లకు మళ్లీ బంగారం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కంచు వచ్చింది, అప్పుడు కెప్టెన్ నయీముద్దీన్, అతనూ హైదరాబాదీయే.

జకార్తా గెలుపు వార్త తెలిసిన మర్నాడు మా చిన్నాయన హోటల్లో పుల్లలు పేర్చలేదు. అగ్గిపెట్టె బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. "మనం మనుషుల్ని చూసినం. ఆయన ఆటను చూసిండు" అన్నాడు. హవల్దారు తన సాసర్ చాయ్ ఆయన వైపు జరిపాడు.

అంతమాత్రాన ఆ ఇద్దరి తగువు వట్టి కాలక్షేపమని నేను అనను. హవల్దారు గోషామహల్ మైదానంలో పోలీసు జట్టు ప్రాక్టీసు రోజూ చూసేవాడు. ఎడమ కాలితోనే ఆడాలి, బంతిని కాలికి అంటించుకుని తిప్పకూడదు అంటూ రహీం సాబ్ పెట్టే పోటీలు అక్కడివాళ్లకు తెలుసు. ఎవడికి ఎడమ కాలు పనిచేయదో, ఎవడు వానలో జారతాడో, ఎవడికి గాలి బంతి అంటే లోలోపల భయమో ఆయన చెప్పగలడు. మా చిన్నాయన ఆదివారం ఫతే మైదాన్‌లోనే ఉండేవాడు. తప్పు చెప్పినా, చూసి చెప్పిన తప్పు. పక్కింటి పిల్లవాడి చదువు గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు దేశం జట్టు గురించి.

ఇప్పుడూ వాదిస్తున్నారు. మా మనవడు ఫోన్లో పదకొండు పేర్లు పేర్చి స్నేహితులకు పంపుతాడు, క్షణంలో పది తిట్లు తిరిగొస్తాయి. కాలం మారింది గాని జబ్బు అదే. సునీల్ ఛెత్రి సంగతే చూడండి. 2024 జూన్‌లో కలకత్తాలో కువైట్ మీద ఆడి సెలవు తీసుకున్నాడు. అప్పటికి దేశం తరఫున 94 గోల్స్. తొమ్మిది నెలలకు అప్పటి కోచ్ మనోలో మార్క్వెజ్ పిలిస్తే, నలభై ఏళ్ల వయసులో మళ్లీ వచ్చాడు, మాల్దీవుల మీద గోల్ కూడా వేశాడు. సగంమంది చప్పట్లు కొట్టారు. కుర్రాళ్ల చోటు ఎందుకు తింటున్నాడని సగంమంది మండిపడ్డారు. మా మనవడు రెండో పక్క.

"మరి ఆయన బదులు ఎవరురా?" అన్నాను.

వాడు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు.

జవాబు లేకపోవడం వాడి తప్పు కాదు. మన లీగు క్లబ్బులు గోల్ వేసే చోట డబ్బు పోసి విదేశీయుణ్ని తెచ్చుకుంటాయి. మన కుర్రాడు పక్కనో వెనకో ఆడతాడు, లేదా బెంచీ మీద కూర్చుంటాడు. ఏడాదంతా సెంటర్ ఫార్వర్డ్‌గా ఎవడూ ఆడకపోతే, దేశం జట్టుకు సెంటర్ ఫార్వర్డ్ ఎక్కడినుంచి ఊడిపడతాడు? వంటింట్లో పప్పు లేకుండా వడ్డించేవాణ్ని తిట్టినట్టుంటుంది కోచ్‌ను తిట్టడం. ఆపైన క్లబ్బులు ఆటగాణ్ని పంపాలి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకు క్లబ్బులు పంపేది లేదని మొండికేశాయి. చివరికి దొరికినవాళ్లను పోగుచేసుకుని, ఆట ముందురోజు రాత్రి చైనాలో దిగి, మర్నాడు వాళ్ల చేతిలో 5-1తో ఓడారు. ఆ జట్టు గురించి అభిమానులు వాదించుకున్నదంతా ఎవరు బాగా ఆడతారనే. అసలు ఎవరిని పంపుతారన్నదే అక్కడి ప్రశ్న.

ఇంకోటి చెప్పి నవ్వుకుందాం. ఆఫ్ఘనిస్తాన్‌తో మ్యాచ్‌కు ముందు అప్పటి జాతీయ కోచ్ ఆటగాళ్ల పేర్లు ఒక జ్యోతిష్కుడికి పంపి గ్రహబలం చూపించుకున్నాడని 2023లో ఒక ఇంగ్లీషు పత్రిక రాసింది. ఆ కోచ్ మనవాడు కూడా కాదు, క్రొయేషియా దేశస్థుడు! మన ఊళ్లో ముహూర్తం చూడనిదే బోరు బావి తవ్వం గాని, లెఫ్ట్ బ్యాక్‌కు జాతకం చూడాలన్న ఆలోచన మా ఇరానీ హోటల్ సభకు కూడా రాలేదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ల ఇళ్లకు వెళితే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. మా అబ్బాయి అక్కడ బాగా ఆడుతున్నాడు, ఇండియా జట్టులో చోటు లేదా అంకుల్ అని. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే ఆడాలని 2008లో ప్రభుత్వం గట్టిగా నియమం పెట్టింది. రెండు పౌరసత్వాలకు మన చట్టం ఒప్పుకోదు. వెనక అరాటా ఇజుమి అనే కుర్రాడు జపాన్ పౌరసత్వం వదులుకుని వచ్చి ఆడాడు. ఈమధ్య 2025లో ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియాది వదులుకుని మన పాస్‌పోర్టు తీసుకున్నాడు. బయటివాళ్లు వద్దని ఒక పక్క, రక్తం మనదైతే చాలని ఇంకో పక్క గట్టి వాదమే నడుస్తోంది. నేను రెండో పక్కకు కొంచెం ఒరిగినవాణ్నే, ఒప్పుకుంటాను. కాని ఆ పాస్‌పోర్టు వదులుకోవడమంటే ఏమిటో వీసా కోసం వరుసలో నిలబడ్డ తెలుగువాడికి ఒకరు చెప్పాలా? అడగడం తేలిక.

మన ఊరికి మళ్లీ వద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జట్టు 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి దేశపు లీగు గెలిచింది. నేను సంతోషంతో లేచి నిలబడ్డాను. తర్వాత జాబితా చూశాను. గోల్‌కీపర్ గోవా వాడు, లెఫ్ట్ బ్యాక్ ఉత్తరప్రదేశ్ వాడు, రైట్ బ్యాక్ సిక్కిం వాడు. అందరూ మంచి పిల్లలే, వాళ్లలో కొందరు దేశం జట్టుకూ ఆడారు. కాని వాళ్ల గురించి వాదించడానికి నా దగ్గర మాటలు లేవు. వాళ్లు ఏ గల్లీలో ఆడి పెరిగారో నాకు తెలియదు. ఆ జట్టు కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయి, పేరు మార్చుకుంది.

మా ఇరానీ హోటల్ పోయి మొబైల్ దుకాణమైంది. చిన్నాయన పోయాడు. హవల్దారు ఏమయ్యాడో తెలియదు.

కిందటి నెల ఒక పనిమీద నిజామాబాద్ వెళ్లాను. ఆ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఇప్పుడు భారత మహిళల జట్టులో ఫార్వర్డ్. బస్టాండుకు నడుస్తుంటే ఒక బడి మైదానంలో ఆడపిల్లలు ఆడుతున్నారు. ప్రహరీగోడకు ఆనుకుని ఇద్దరు మనుషులు, ఒకాయన భుజాన తువ్వాలు, ఒకాయన చేతిలో ఖాళీ పాల క్యాను.

"ఆ పొట్టి పిల్లను వెనక్కు పెట్టిన్రేంది? దానికి ఎడమ కాలుంది" అంటున్నాడు తువ్వాలాయన.

"ఎడమ కాలుంటే సరిపోతదా, దమ్ముండాలె" అన్నాడు పాల క్యాను ఆయన.

నేను ఆగాను. పావుగంట చూశాను. ఆ పొట్టి పిల్లకు దమ్ముంది. కాని ఎదుటివాళ్లు దగ్గరకు రాగానే తల దించి బంతినే చూస్తోంది, పక్కన ఎవరున్నారో చూడటం లేదు. ఆ మాటే అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగి ఎగాదిగా చూశారు.

"నీదే ఊరు పెద్దాయనా?" అన్నాడు తువ్వాలాయన.

చెప్పాను. "అయితే నీకేం ఎరుక, మొన్న బోధన్‌ల ఆ పిల్ల ఆడింది చూసినవా?" అని మొదలుపెట్టాడు.

నా బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు గంటన్నరకు గాని లేదు.